ఎండ, యూనిట్, సాచెట్: డి విటమిన్ మోతాదు చరిత్ర

సంగారెడ్డిలో ఆదివారం సంప్రదింపు తరగతులు చెప్పిన రోజుల్లో, నిద్ర ఆపుకుంటూ పాఠం వినేవారు కొందరు నాకు ఎప్పుడూ కనిపించేవారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీలలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా తరగతికి వచ్చినవారు వాళ్ళు. ఒకసారి పారిశ్రామిక విప్లవం పాఠం మధ్యలో ఒక విద్యార్థి జేబులోంచి రక్తపరీక్ష కాగితం తీశాడు. "సార్, నాకు డి విటమిన్ తొమ్మిదే ఉన్నదట. మెదక్ జిల్లాల పుట్టినోనికి ఎండ తక్కువైందంటే మా ఊర్ల నవ్వుతున్నరు" అన్నాడు. తరగతి కూడా నవ్వింది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఆ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. ఎండ పుష్కలంగా ఉన్నచోట ఈ లోపం ఎలా వచ్చిందన్నది మొదటిది. లోపాన్ని పూడ్చడానికి మనం మింగుతున్న మందు ఎంత, ఎన్నాళ్ళకోసారి అన్న లెక్క ఎవరి దగ్గర ఉందన్నది రెండోది. మొదటిదాని గురించి పత్రికలు తరచుగా రాస్తూనే ఉన్నాయి. ప్రాణం మీదికి తెచ్చేది రెండోది. చరిత్ర విద్యార్థులుగా మీరు దానిమీద ఎక్కువ దృష్టి పెట్టాలి.

మారిన పగలు

1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుల తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చి, మందుకే పేటెంటు ఇవ్వడం మానేసింది. దాంతో ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులకు సొంత కంపెనీలు పెట్టుకునే దారి దొరికింది. 1970ల మధ్య నుంచి పటాన్‌చెరు, ఆ తరువాత బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం వైపు బల్క్ డ్రగ్ కంపెనీలు వరుసకట్టాయి. నక్కవాగు నీళ్ళకు ఏమైందో మీరు పర్యావరణ చరిత్ర పాఠంలో చదివారు కాబట్టి ఇక్కడ మళ్ళీ చెప్పను.

ఆ పాఠంలో లేనిది ఒకటుంది: మనిషి పగలు మారిపోవడం. జొన్నచేలో పనిచేసిన తండ్రి పొద్దెక్కినప్పటి నుంచి పొద్దుగూకేదాకా చేతులు, కాళ్ళు, వీపు ఎండకు చూపించాడు. కొడుకు కంపెనీ బస్సెక్కి, నిండా బట్టలు, తలకు టోపీ, ముఖానికి మాస్కు వేసుకుని రేకుల షెడ్డులోనో ఏసీ గదిలోనో ఎనిమిది గంటలు గడిపాడు. జనరల్ షిఫ్టువారికి నడిమధ్యాహ్నం లోపలే గడుస్తుంది. రాత్రి షిఫ్టువారు ఆ వేళకు కిటికీలు మూసుకుని నిద్రపోతుంటారు. బీ షిఫ్టువారికి మాత్రం ఆ సమయం చేతిలో ఉంటుంది కానీ అది వంటకు, పిల్లల బడికి, బజారు పనికి పోతుంది.

నడిమధ్యాహ్నం అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. చర్మంలో డి విటమిన్ తయారుకావడానికి కావలసినవి సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు. తిరుపతిలో సి.వి. హరినారాయణ్ బృందం ఈ విషయాన్ని పరీక్షించి 2013లో ప్రచురించింది. విటమిన్‌కు మూలపదార్థమైన ద్రవాన్ని చిన్న గాజుగొట్టాలలో ఎండలో పెట్టి చూస్తే, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకే ఎక్కువ మార్పు కనిపించింది. పొద్దున్నే లేలేత ఎండలో నిలబడితే చాలనే మన ఇళ్ళలోని నమ్మకానికి ఇది అంతగా అనుకూలం కాదు. ఆ కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. నల్లని చర్మానికి తెల్లని చర్మం కంటే ఎక్కువసేపు ఎండ కావాలి.

అదే బృందం అంతకుముందు, 2007లో తిరుపతి చుట్టుపక్కల పల్లె, పట్నం జనాభాపై చేసిన అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. పల్లెవారికి డి విటమిన్ పట్నంవారికంటే మెరుగ్గా ఉంది. అయినా పొలంలో రోజంతా పనిచేసేవారిలో కూడా చాలామందికి అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపే. తిండిలో కాల్షియం తక్కువగా ఉండటం, ధాన్యాలలోని ఫైటేట్ ఆ కొద్ది కాల్షియంను కూడా అందకుండా చేయడం ఈ లోపాన్ని మరింత పెంచాయని వారు రాశారు. పాలు, పెరుగు, రాగులు లేని కంచం ముందు కూర్చుని డి విటమిన్ మాత్ర ఒక్కటే మింగితే సగం పనే అవుతుంది.

లోపలే ఉంచిన కుక్కలు

పిల్లల కాళ్ళు వంకరపోయే రికెట్స్ వ్యాధిని 17వ శతాబ్దపు ఇంగ్లండు వైద్యులు వర్ణించారు. గ్లిసన్ గ్రంథం 1650 నాటిది. పొగ కమ్మిన పారిశ్రామిక నగరాలు పెరిగేకొద్దీ వ్యాధీ పెరిగింది. 1822లో స్నియాడెకి అనే పోలండు వైద్యుడు వార్సా నగరంలోని పిల్లలకు వచ్చే ఈ జబ్బు చుట్టుపక్కల పల్లె పిల్లలకు అంతగా రాకపోవడం గమనించి, ఎండే దీనికి మందన్నాడు. 1890లో థియోబాల్డ్ పామ్ అనే మిషనరీ వైద్యుడు భారతదేశంతో సహా పలు దేశాలలోని మిషనరీలకు ఉత్తరాలు రాసి సమాచారం తెప్పించుకున్నాడు. ఎండ దేశాలలో పేదరికం, మురికి ఎంత ఉన్నా రికెట్స్ అరుదని తేల్చాడు. ఎవరూ పట్టించుకోలేదు.

తరువాతి ముచ్చట నాకు ఎంతో ఇష్టం. 1919 ప్రాంతంలో లండన్‌లో ఎడ్వర్డ్ మెలాన్‌బీ కుక్కపిల్లలకు ఓట్స్ లాంటి పరిమిత ఆహారం పెట్టి రికెట్స్ తెప్పించాడు, కాడ్ చేప కాలేయపు నూనె ఇచ్చి నయం చేశాడు. కాబట్టి ఇది ఆహారలోపమే అన్నాడు. అయితే ఆ కుక్కల్ని ఆయన ఇంటిలోపలే ఉంచాడు! అదే 1919లో బెర్లిన్‌లో హుల్ద్‌షిన్‌స్కీ పాదరసపు దీపం కాంతితో పిల్లల రికెట్స్‌ను నయం చేశాడు. ఒక చేతిమీద కాంతి పడితే రెండో చేతి ఎముక కూడా బాగుపడటం చూశాడు. అంటే చర్మంలో పుట్టినదేదో రక్తంలో ప్రయాణిస్తున్నదన్నమాట. ఇద్దరూ నిజమే చెప్పారు, చెరొక సగం. 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ చేపనూనెలోని ఆ పదార్థాన్ని ఎ విటమిన్ నుంచి వేరుగా గుర్తించి డి అని పేరు పెట్టాడు. దీని రసాయన నిర్మాణంపై పరిశోధనకు జర్మనీవాడైన విండాస్‌కు 1928లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశం ఈ కథలో ఆలస్యంగా రాలేదు. 1922లోనే హచిసన్, షా అనే ఇద్దరు నాసిక్ జిల్లాలో పరిశీలన చేశారు. తిండికి లోటులేని ఘోషా ఇళ్ళలోని స్త్రీలకు, పిల్లలకు ఎముకల మెత్తదనం వస్తున్నదనీ, తిండి తక్కువైనా ఆరుబయట పనిచేసే పేదలకు అంతగా రావడంలేదనీ రాశారు. ఆనాడు గోడల మధ్య ఉన్నది జెనానా. ఈనాడు షెడ్డు.

కొలత పుట్టుక

తొలి రోజుల్లో డి విటమిన్‌కు కొలత లేదు. చేపనూనె చెంచాతో పోసేవారు, ఒక సీసాకూ ఇంకో సీసాకూ బలంలో పొంతన ఉండేది కాదు. 1931లో నానాజాతి సమితి ఆధ్వర్యంలో లండన్‌లో జరిగిన సమావేశం విటమిన్లకు అంతర్జాతీయ యూనిట్‌ను నిర్ణయించింది. ప్యాకెట్ల మీద ఐ.యు. అని కనిపించేది ఇదే. ఒక యూనిట్ అంటే 0.025 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. 40 యూనిట్లు కలిస్తే ఒక మైక్రోగ్రాము. మన షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్‌లో ఉన్న అసలు మందు 1,500 మైక్రోగ్రాములు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము. ప్యాకెట్‌లో మిగిలిందంతా చక్కెరా తదితరాలే. కంటికి కనబడేది చెంచాడు పొడి కావడంతో, దానికేముంది అనుకుంటాం.

ఇక్కడ చిన్న పక్కదారి. డి3 తయారీకి మూలం గొర్రె ఉన్నిలోని జిడ్డు. దాన్నుంచి కొలెస్టరాల్ తీసి, రసాయనికంగా మార్చి, అతినీలలోహిత కాంతి చూపిస్తే డి3 అవుతుంది. మెదక్ కురుమల గొంగడి వానను ఆపేది కూడా ఉన్నిలోని ఆ జిడ్డు వల్లనే. ఇది తెలిశాక ఒక శాకాహార మిత్రుడు సాచెట్ మానేసి, పుట్టగొడుగుల జాతి నుంచి వచ్చే డి2 కోసం వెతికాడు.

కొలత దొరికాక వ్యాపారం దూసుకుపోయింది. స్టీన్‌బాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆహారం మీద అతినీలలోహిత కాంతి పడేస్తే డి విటమిన్ పుడుతుందని కనిపెట్టి, ఆ పేటెంటును విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థకు ఇచ్చాడు. పాలలో కలిపారు, రొట్టెలో కలిపారు, 1936లో బీరులో కూడా కలిపి అమ్మారు. పాలలో కలపడం వల్ల అమెరికా పిల్లలలో రికెట్స్ దాదాపు మాయమైంది. ఆ విజయాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే, కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిదన్న ఊహ పుట్టిందీ అప్పుడే. 1930లు, 40లలో కీళ్ళవాతానికి రోజుకు 50,000 యూనిట్లు, అంతకు మించి కూడా ఇచ్చారు. నొప్పి సంగతి ఎలా ఉన్నా, కొందరి మూత్రపిండాలలో సున్నం పేరుకుంది.

రెండో ప్రపంచయుద్ధం తరువాతి బ్రిటన్ ఉదాహరణను మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అక్కడ ఎవరూ తప్పుగా మందు వేయలేదు. ప్రభుత్వం పాలపొడిలో డి విటమిన్ కలిపింది. కంపెనీలు పిల్లల గంజిపొడిలో కలిపాయి. ఆరోగ్య కేంద్రాలు చేపనూనె ఉచితంగా ఇచ్చాయి. ఎవరి లెక్కలో వారిది సరైన మోతాదే. అన్నీ కలిసి ఒకే పసిబిడ్డ కడుపులోకి పోతే రోజుకు 4,000 యూనిట్ల దాకా చేరేది. 1953-55 మధ్య దాదాపు 200 మంది పసివాళ్ళు రక్తంలో కాల్షియం పెరిగి, పాలు తాగక, వాంతులతో, ఎదుగుదల లేక ఆసుపత్రులకు వచ్చారు. 1957లో కలిపే మోతాదు తగ్గించారు, కేసులు తగ్గాయి. అన్ని పిల్లలూ అదే పాలు తాగినా కొందరికే ఎందుకు జబ్బు చేసిందన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండిపోయింది. డి విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే పనిచేయనివారు కొందరుంటారని 2011లో తేలింది. ఈ కారణంగానే, పక్కింటివారికి పడిన మోతాదు మనకూ పడుతుందని అనుకోలేం.

బ్రిటన్ ఇలా వెనక్కు తగ్గిన కొద్ది ఏళ్ళకే, 1962లో, గ్లాస్గోలోని పాకిస్తానీ కుటుంబాలలో డనిగన్ రికెట్స్ కనుగొన్నాడు. ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే అన్న ఈ ఊగిసలాట ఇప్పటికీ ఆగలేదు.

పెద్ద మోతాదుకు హైదరాబాదు పాఠం

ఎన్నాళ్ళకో ఒకసారి పెద్ద మోతాదు వేయడమనే పద్ధతికి మన హైదరాబాదుతో దగ్గరి సంబంధముంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ చిన్నగా మొదలుపెట్టిన పరిశోధనశాల 1958లో హైదరాబాదు తార్నాకకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. సి. గోపాలన్ నాయకత్వంలో ఆ సంస్థ చేసిన పరీక్షల ఆధారంగా 1970లో దేశమంతటా ఎ విటమిన్ కార్యక్రమం వచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లలకు ఆరునెలలకోసారి 2 లక్షల యూనిట్లు. కొవ్వులో కరిగే విటమిన్లు శరీరంలో నిల్వ ఉంటాయి కాబట్టి ఇది సాధ్యమైంది. అయితే మందు పోసింది ఆరోగ్య కార్యకర్త. చెంచా నిర్ణీత కొలతది. తేదీ రిజిస్టరులో రాశారు. 2001లో అస్సాంలో చెంచాకు బదులు కొలత కప్పు ఇచ్చినప్పుడు పిల్లల మరణాల వార్తలు వచ్చి, మోతాదు పెరిగిందా లేదా అన్న వివాదం చాలాకాలం నడిచింది.

డి విటమిన్ విషయంలో మనం పెద్ద మోతాదును తీసుకున్నాం, రిజిస్టరును వదిలేశాం. ఇది నా అభిప్రాయం. 2000లో ఎయిమ్స్‌కు చెందిన గోస్వామి బృందం ఢిల్లీలోని ఆరోగ్యవంతులలో కూడా డి విటమిన్ తక్కువగా ఉందని ప్రకటించాక దేశంలో పరీక్షలు పెరిగాయి, పరీక్షలతోపాటు 60,000 యూనిట్ల సాచెట్లూ పెరిగాయి. లోపం నిర్ధారణ అయినవారికి వైద్యులు సాధారణంగా రాసేది వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, ఆ తరువాత తక్కువ మోతాదు. ఈ లెక్కలో తప్పులేదు. చిక్కంతా 'వారానికి' అన్న మాట డాక్టరు గది నుంచి ఇంటి దాకా చేరడంలో ఉంది.

మా దగ్గరి బంధువు ఒకాయన పాశమైలారంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నడుము నొప్పికి వెళితే డాక్టరు సాచెట్లు రాశారు. షాపులో ఇచ్చిన కవరు మీద రోజువారీ బీపీ మాత్రలకు పెట్టినట్టే దీనికీ ఒక గీత పెట్టి ఇచ్చారు. ఆయన రోజుకొకటి పాలలో కలుపుకుని తాగారు. నొప్పి కాస్త తగ్గినట్టనిపించి మళ్ళీ కొన్నారు. ఎవరూ చీటీ అడగలేదు. దాదాపు 50 రోజులు. ఎనిమిది వారాలకు పోవలసింది 4 లక్షల 80 వేల యూనిట్లు, లోపలికి పోయింది 30 లక్షలు. మొదట విపరీతమైన దాహం, మాటిమాటికి మూత్రం. షుగర్ అనుకున్నాం. తరువాత మలబద్ధకం, వాంతులు, చివరికి మాటల్లో తడబాటు. పక్షవాతమేమోనని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక యువ వైద్యురాలు, "ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, అంకుల్" అన్నది. సంచి విప్పగానే సంగతి తెలిసింది. మందు ఆపి, సెలైన్ ఎక్కించి, స్టెరాయిడ్ ఇచ్చారు. కానీ కొవ్వులో దాగిన విటమిన్ ఒక్కరోజులో పోదు. కాల్షియం మామూలు స్థాయికి రావడానికి నెలలు పట్టింది. మూత్రపిండాలు పూర్తిగా మునుపటిలా కాలేదు. చరిత్రలో డాక్టరేటు ఉన్న నేను వారం వారం వాళ్ళింటికి వెళ్ళి కాఫీ తాగుతూ ఆ ప్యాకెట్లు బల్లమీద చూశాను. ఒక్కదానిమీద అక్షరం చదవలేదు.

ప్యాకెట్ మీది అంకెలు

2020లో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలి. రోజూ తీసుకునేవారు దాటకూడని పైహద్దు 4,000 యూనిట్లు. వారానికి 60,000 అంటే రోజుకు సగటున 8,500 పైమాటే. హద్దుకు రెండింతలు. అందుకే అది లోపమున్నవారికి, వైద్యుని చీటీ మీద, కొన్ని వారాలపాటు చేసే చికిత్స మాత్రమే. ఆరోగ్యం కోసమని ఏళ్ళ తరబడి వేసుకునేది కాదు. పిల్లల చుక్కల మందులో ఇంకో చిక్కుంది. పసిబిడ్డకు రోజుకు 400 యూనిట్లు చాలు. కొన్ని కంపెనీల సీసాలో ఒక మిల్లీలీటరుకు 400, మరికొన్నిటిలో 800 ఉంటుంది. సీసా మారితే చుక్కల లెక్క మారాలి.

మోతాదు పెంచినకొద్దీ ఎముక గట్టిపడుతుందన్న ఊహను కూడా పరీక్షించారు. ఆస్ట్రేలియాలో 2,256 మంది వృద్ధ స్త్రీలలో సగం మందికి ఏడాదికోసారి ఒకేమారు 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, 2010లో వచ్చిన ఫలితం తలకిందులైంది: మందు తీసుకున్నవారే ఎక్కువగా పడ్డారు, వారి ఎముకలే ఎక్కువగా విరిగాయి. అమెరికాలో 25 వేలమందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చినా, లోపం ఉందో లేదో చూడకుండా చేర్చుకున్న ఆ సాధారణ జనంలో ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఊరికే డి విటమిన్ పరీక్ష చేయించనక్కరలేదని 2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది. లోపమున్నవారికి మందు మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. లోపం లేనివారికి అదనంగా పోస్తే వచ్చే లాభం కనబడలేదు.

మన ప్రాంతంలో క్షయ ఇంకా ఉంది. క్షయ, సార్కాయిడోసిస్ వంటి జబ్బులలో వ్యాధిగ్రస్త కణజాలం తానే డి విటమిన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది కాబట్టి మామూలు మోతాదుకే కాల్షియం పెరగవచ్చు. మూత్రపిండాలలో రాళ్ళున్నవారు, మూత్రపిండాల జబ్బున్నవారు, బీపీకి థయజైడ్ రకం మాత్రలు, గుండెకు డిజాక్సిన్ వాడేవారు వైద్యునికి ఆ సంగతి ముందే చెప్పాలి. కాల్సిట్రియాల్ అని రాసి ఉన్న మందు సాచెట్‌కు ప్రత్యామ్నాయం కాదు. అది చురుకైన రూపం, మోతాదు వేరు, ప్రమాదం వేరు. నడుము నొప్పులన్నీ డి విటమిన్ ఖాతాలో వేయడమూ తగదు. పక్కనే నల్లగొండలో ఫ్లోరైడు నీళ్ళు ఎముకలను ఏంచేశాయో 1973లోనే జాతీయ పోషకాహార సంస్థవారు ప్రపంచానికి చెప్పారు.

రక్తపరీక్ష కాగితం చూపించిన ఆ విద్యార్థి మరుసటి ఆదివారం సాచెట్ల పెట్టెతోనే వచ్చాడు. ప్రతి ప్యాకెట్ మీద పెన్నుతో ఒక ఆదివారం తేదీ రాసుకున్నాడు. ఎనిమిది ప్యాకెట్లు, ఎనిమిది తేదీలు. భోజనం తరువాత వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుందని డాక్టరు చెప్పారట, అందుకే తరగతి భోజన విరామంలో వేసుకుంటున్నానన్నాడు.

అభ్యాసం

మీ ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, సిరప్‌లు, చుక్కల సీసాలు, బలవర్ధక పాలు, నూనె ప్యాకెట్లు ఒకచోట పెట్టండి. పాలు, నూనె మీద ప్లస్ గుర్తుతో ఎఫ్ అక్షరం ఉంటే అందులో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. ఒక్కొక్కదానిమీద డి2, డి3, కొలెకాల్సిఫెరాల్ అన్న పేర్లు వెతికి, ఎదురుగా ఉన్న అంకె రాయండి. మైక్రోగ్రాములలో ఉంటే 40తో గుణించండి. ఇంట్లో ఒక్కొక్క మనిషికి రోజుకు ఎంత పోతున్నదో విడివిడిగా కూడి, 600తోనూ 4,000తోనూ పోల్చండి. 4,000 దాటినవారెవరైనా ఉంటే, ఆ కాగితాన్ని చీటీ రాసిన వైద్యునికి చూపించండి.